కోన కథలో లేని ముసలాయన

చెన్నై వాళ్ళకి పుత్తూరు అంటే మొదట కట్టు. చేయో కాలో విరిగితే వచ్చి, కట్టు కట్టించుకుని పోయే ఊరు. ఈ పదిహేనేళ్ళలో దానికి ఇంకో పేరొచ్చింది. కైలాసకోన, మూలకోన, సదాశివకోన, కాస్త అవతల నాగలాపురం కొండలు. శనివారం పొద్దున్నే బయల్దేరితే ఆదివారం రాత్రికి ఇల్లు చేరొచ్చు. కాలు బాగుచేసుకోడానికి వచ్చే ఊరికే ఇప్పుడు కాలు విరగ్గొట్టుకోడానికీ వస్తున్నామని మా ఆఫీసులో ఒక జోకు.

ఈ కోనల మీద వచ్చే ట్రెక్ రాతలు నేను వదలకుండా చదువుతాను. మూడు చదివితే నాలుగోది మనమే రాసేయొచ్చు. ఎవరికీ తెలియని స్వర్గం, అద్దంలాంటి నీళ్ళు, ఫోన్ సిగ్నల్ లేకపోవడం వల్ల కలిగిన జ్ఞానోదయం, చివర్లో ప్లాస్టిక్ పారేయొద్దని ఒక విన్నపం. వీటికి సాహిత్య విమర్శ ఎందుకని అడగొచ్చు. కానీ ఒక ప్రాంతం గురించి జనం ఎక్కువగా చదివే వచనం ఇదే అయినప్పుడు పట్టించుకోక తప్పదు.

నా పేచీ ఆ 'ఎవరికీ తెలియని' దగ్గరే. కైలాసకోన, సదాశివకోన, తలకోన అని పేర్లున్నాయంటే, మనకంటే ముందే ఎవరో వచ్చి నీళ్ళు తాగి, దేవుణ్ణి నిలిపి, ఈ కోనని పక్క కోన నుంచి వేరుచేసి చెప్పుకున్నారనే కదా. ఇవే కొండల్లో ఇంకో రకం పేరు కూడా ఉంది: నగరి ముక్కు. ముక్కులా పొడుచుకొచ్చిన ఆ శిఖరాన్ని సముద్రం మీద పోయే నావికులు మద్రాసు తీరానికి గుర్తుగా పెట్టుకున్నారు. కోన అనేది లోపలికి నడిచినవాడి మాట. ముక్కు దూరం నుంచి కనబడే ఆకారం. మన ట్రెక్ రాతలు కోన లోపలికి పోతాయి గానీ, ఓడ మీంచి చూసినట్టే రాస్తాయి.

బయటివాడు రాస్తే ఇలాగే ఉంటుందా అంటే, అదీ కాదు. బెంగుళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ 1954లో అచ్చయిన 'నైన్ మ్యానీటర్స్ అండ్ వన్ రోగ్'లో చామల లోయ పులి కథ ఒకటి రాశాడు. తిరుపతికి అవతల, భాకరాపేట వైపు అడవి అది. ఆయన దొరతనంతో మనకి పేచీలు ఉండొచ్చు. అయినా వాగు ఎటు తిరుగుతుందో, బాట ఎక్కడ ఇరుకవుతుందో ఆయనకి పట్టింపు. తప్పు చూస్తే ప్రాణం పోతుంది గనక. ఆ భయం ఆయన వాక్యానికి శ్రద్ధ నేర్పింది.

చిత్తూరు జిల్లాలో పుట్టిన డాక్టర్ కేశవరెడ్డి నవలిక 'అతడు అడవిని జయించాడు' ఇంకా ముందుకు పోతుంది. పేరు లేని ఒక ముసలాయన తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. ఒక రాత్రి కథ. దీన్ని హెమింగ్వే ముసలాయనతో పోల్చడం మనకి అలవాటు. నాకు మాత్రం ఇది ట్రెక్ రాతలకి దొరికిన మంచి జవాబులా కనిపిస్తుంది. ఇందులో అడవి అందంగా ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు. చీకటి, చప్పుడు, వాసన అన్నీ ఆయనకి సమాచారం. ఆయన అడవిని చూడటానికి పోలేదు, ఆయనకి అక్కడ పనుంది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నా తప్పు ఒకటుంది. కొన్నేళ్ళ కింద ఒక డిసెంబరులో ఆఫీసువాళ్ళతో పుత్తూరు దగ్గర ఒక కోనకి పోయాను. పై మడుగు దాకా ఎక్కాలని మా పట్టు. మేకలు తోలుకుని దిగుతున్న ముసలాయన ఒకరు ఆగి, "యాడికి పోతా ఉండారు సామీ? కొండమింద మబ్బు చూడండి. ఇంగ దిగేయండి" అన్నాడు. "ఇక్కడ ఎండ కొడతా ఉంది కదా తాతా" అన్నాన్నేను. "వాన మీమింద పడాల్నా ఏంది? నీళ్ళు దిగొచ్చేదానికి దావ ఇదే" అన్నాడు. విసుక్కుంటూనే దిగాం. అరగంటలో వాగు ఎర్రబడి, మేం కూర్చున్న బండ మునిగిపోయింది.

తర్వాత అర్థమైంది. ఇక్కడి కొండలు గట్టి రాయి. నగరి క్వార్ట్‌జైట్ అని భూగర్భ శాస్త్రంలో దీనికి పేరే ఉంది. జోరువాన పడితే నీళ్ళు ఇంకే దాకా ఆగవు, బండల మీంచి నేరుగా కోనలోకి దిగుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలే జలపాతాలకి అందం, ప్రమాదం కూడా అప్పుడే. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు మునగడం చూసినవాళ్ళకి కొండ నీళ్ళ వేగం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఊరికొచ్చి నేనూ ఒక ట్రెక్ కథనం రాశాను. అద్దంలాంటి నీళ్ళున్నాయి, జ్ఞానోదయం ఉంది, ప్లాస్టిక్ విన్నపం ఉంది. ముసలాయన లేడు. దిగిపోయామని ఒప్పుకుంటే సాహసం తగ్గుతుందని కావాలనే తీసేశాను. అది చదివి ఎవరైనా డిసెంబరులో పై మడుగు దాకా ఎక్కి ఉంటే? కేశవరెడ్డిని రెండోసారి చదివినప్పుడు ఆ ప్రశ్న పట్టుకుంది, ఇంకా వదల్లేదు.

సరదాకి కొండెక్కడం తప్పని నేననను. 2008లో మొదలైన చెన్నై ట్రెక్కింగ్ క్లబ్ లాంటి బృందాలతో నడిచి ఎంతమందో మొదటిసారి అడవి చూశారు. వారమంతా స్క్రీన్ ముందు కూర్చునేవాడికి ఆ రెండు రోజులు ఎంత అవసరమో నాకు తెలుసు. నేనడిగేది నడక మానమని కాదు. ఏ నెలలో పోయావో, నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో, ఎవరు దారి చెప్పారో, ఎక్కడ వెనక్కి తిరిగావో రాయమని. దానివల్ల వచనం చప్పబడుతుందనుకుంటే ఆండర్సన్‌ని చదవండి, కేశవరెడ్డిని చదవండి.

నా పాత కథనం ఇంకా అలాగే ఉంది. ఈ వ్యాసం పంపించాక దాన్ని తిరగరాయాలి. ముసలాయనతో మొదలుపెడతాను.