సంతకమునకు ముందు చదువవలసినది

మా నాయనగారు ఖరగ్‌పూర్ లోకో షెడ్డులో ఆవిరి యింజను డ్రైవరుగా పనిచేసిన దినములలో, డ్యూటీకి పోవు ప్రతిసారియు యింజను చెంతకు పోవుటకు ముందు షెడ్డు ఆఫీసులో ఒక గోడ యెదుట నిలుచుండెడివారు. ఏ మైలు దగ్గఱ పట్టాల క్రింద మన్ను కుంగినది, ఏ స్టేషనులో సిగ్నలు స్తంభము ఎడమనుండి కుడికి జరిగినది, ఏ వంతెనమీద ఎంత వేగమునకు మించరాదు అను సర్క్యులర్లు ఆ గోడకు వ్రేలాడుచుండెడివి. ఆయన చదువు థర్డు ఫారము దాటలేదు. ఆంగ్లమును కూడబలుకుకొనుచు, ప్రతి పంక్తి క్రిందను మసి యంటిన వ్రేలు జరుపుచు, తుదివఱకు చదివిన పిమ్మటనే రిజిస్టరులో సంతకము చేసెడివారు. చదువకయే సంతకము గిలికి పోవువారు కొందఱు లేకపోలేదు. వారిని గూర్చి ఆయన యేమియు అనలేదు. తాను మాత్రము వ్రేలు జరుపుట మానలేదు.

ఆ అలవాటు నాకు వేఱొక రూపమున సంక్రమించినది. రైల్వే వర్కుషాపు ఆఫీసులో ముప్పది యేండ్లకు పైగా ఫైళ్లు మోసి, అఱువది నిండిన నెల చివరి దినమున దండ వేయించుకొని ఇంటికి వచ్చిన నాకు కాలక్షేపముగా అబ్బినది కంప్యూటరు; అందును డెబియన్ అను ఆపరేటింగ్ సిస్టమ్. 1993లో ఇయాన్ మర్డాక్ అను విద్యార్థి ఆరంభించిన ఈ సిస్టమునకు యజమాని యనదగిన కంపెనీ లేదు, వెల లేదు, లోపలి మూలమునకు దాఁపఱికము లేదు. నానా దేశములలోని స్వచ్ఛంద సేవకులు కూర్చి లోకమున కిచ్చుచుందురు. దాని పదుమూఁడవ కూర్పు 2025 ఆగస్టు 9న వెలువడినది. పేరు ట్రిక్సీ. టాయ్ స్టోరీ చలనచిత్రములలోని పాత్రల పేర్లు విడుదలలకు పెట్టుట వారి ఆచారము గనుక, ఇది యొక నీలవర్ణపు డైనోసారు బొమ్మ పేరు. ఇంత గంభీరమైన పనికి ఇంత పసిపిల్లల పేరా యని మొదట ముఖము చిట్లించుకొన్నవాఁడనే గాని, యింజనులకు రాజుల పేర్లు పెట్టిన దొరలకంటె వీరే మేలనిపించి యూరకుంటిని.

ప్రతి విడుదలతోను ఒక పత్రము వచ్చును. ఏమి చేరినది, ఏమి తొలగినది, ఎక్కించుకొనుటకు ముందు ఏమేమి చూచుకొనవలెను అని దానియందు వ్రాసియుండును, విడుదల గమనికలందురు. దానిని అచ్చు తీయించుకొని వ్రేలు జరుపుచు చదువుటకు నాకు ఈసారి మూఁడు సాయంకాలములు పట్టినది.

వాడుకరి కంటికి కనబడు మార్పులనియు, కనబడనివనియు రెండు తెగలు చేయుట ఈ విద్యయందు పరిపాటి. ఎవరి కంటికి అని అడుగువారు అరుదు. 2019 నవంబరులో మా ఖరగ్‌పూర్ స్టేషను యార్డులో పాత రిలే పద్ధతిని తీసివైచి, 800 మార్గములను నడపఁగల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగును నెలకొల్పినప్పుడు, కొన్ని దినములు బండ్లు రద్దయి ప్రయాణికులు నోరార తిట్టుకొనిరి. పని ముగిసి బండ్లు మరల తిరుగనారంభించిన దినమున వారికి కనబడిన క్రొత్తదనము ఇసుమంతయు లేదు. అదే ప్లాట్‌ఫారము, అదే మైకు గొంతు, అదే మట్టిముంత టీ. బండికి దారి చేయు ఉద్యోగికో, చేతిక్రింది బొత్తాముల బల్ల పోయి కంప్యూటరు తెర వచ్చి కూర్చున్నది. ఆతని కదియొక క్రొత్త జన్మము.

ట్రిక్సీలో నా కంటికి మొదట తగిలినది రంగు. ప్రోగ్రాములను తెచ్చి యెక్కించునట్టియు, అక్కఱలేనివానిని దింపివేయునట్టియు పనిముట్టునకు ఆప్ట్ అని పేరు. ఏది చేరును, ఏది పోవును అను సంగతిని అది యిన్నాళ్లు కిక్కిరిసిన జనరల్ పెట్టెవలె ఒకే ముద్దగా తెరపై క్రుమ్మరించెడిది. పోవుదాని పేరు ఆ గుంపులో నెక్కడనో నక్కియుండి, సరేనని మీట నొక్కిన పిమ్మట గాని తెలిసెడిది కాదు. అట్లు నేనొకసారి ప్రింటరునకు కావలసిన ప్రోగ్రామును పోఁగొట్టుకొంటిని. తప్పు నాదే, ఆ రాత్రి వ్రేలు జరుపలేదు. ఆప్ట్ మూఁడవ కూర్పులో పేర్లన్నియు నిలువు వరుసలుగా తీరి, చేరునవి ఆకుపచ్చగను, పోవునవి ఎఱ్ఱగను కనబడుచున్నవి. రైల్వే ఊరిలో పుట్టినవానికి ఎఱుపున కర్థము వేఱే చెప్పనక్కఱలేదు. ఈ విడుదలలో క్రొత్తగా చేరిన ప్యాకేజీలు 14 వేలకు పైఁబడగా, కాలము చెల్లినవని తొలగించినవి 8,800కు మించినవి. చేర్చినదానిని గూర్చి దండోరా వేయుట అందఱును చేయుదురు. తొలగించినదానిని గూర్చి ముందుగా చెప్పి, అది పోవు క్షణమున మరల ఎఱ్ఱగా చూపుట నాకు మర్యాదగా తోఁచినది.

తెరమీఁది అలంకారములన్నియు గ్నోమ్ అను తెర యేర్పాటు యొక్క 48వ కూర్పువి. ఒకే ప్రోగ్రాము పంపు విజ్ఞప్తులు ఒకదానిపై నొకటి దొంతరగా ఒదుగుచున్నవి. తగిన యంత్రములందు బ్యాటరీ నూటికి 80 పాళ్లు నిండఁగనే ఆపివేయు ఏర్పాటు కలదు. దినమునకెంతసేపు తెర చూచితిమో లెక్క గట్టి, కోరినచో కన్నులకు విశ్రాంతి నిమ్మని హెచ్చరించుటయు కలదు. ఈ చివరిదానిని నేను మొదటినాఁడే ఆపివేసితిని. ఆ పనికి ఇంట మనుష్యులున్నారు.

అక్షరముల సంగతి అంత తేలికగా విడువఁజాలను. తెరమీఁది మాటలకు ఈ కూర్పులో అద్వైత శాన్స్ అను క్రొత్త ఖతి వచ్చినది. పేరు మన సంస్కృతమే. అందలి లిపులు మాత్రము రోమను, గ్రీకు, సిరిలిక్. తెలుఁగు లేదు. అద్వైతమని పేరు పెట్టుకొని మాతో ద్వైతము పాటించుచున్నది. తెలుఁగు వచ్చినచోట సిస్టము వేఱొక ఖతిని అరువు తెచ్చుకొనును గనుక, ఒకే వాక్యమున రెండు లిపులు ఎత్తు కుదరని జోడెడ్లవలె నడచుచుండును. ఖతులకు కొదువ లేదు: లోహిత్ కలదు, తిరుమల కృష్ణదేశికాచార్యులవారు రూపొందించిన పోతన, వేమన కలవు, సిలికానాంధ్రవారు సమకూర్చి ఉచితముగా పంచిన సూరన్న, పెద్దన, ధూర్జటి, గిడుగు మొదలగునవి కలవు. నా వ్రాఁత నొకసారి గిడుగు ఖతిలో పెట్టి చూచుకొని నవ్వుకొంటిని. వ్యావహారికమునకై జీవితమును ధారపోసిన ఆ మహానుభావుని పేరు దాల్చిన అక్షరములు నా ‘చేసితిని’, ‘పోయెదను’లను కిక్కురుమనక మోయుచున్నవి.

తెలుఁగు టైపు చేయు ఇన్‌స్క్రిప్టు మీటల అమరికలో రేఫమున్న మీటను షిఫ్టుతో నొక్కినచో బండిఱ వచ్చును. నిండుసున్న యున్న మీటను అట్లే నొక్కినచో అరసున్న వచ్చును. నావంటి పాతకాలపువానికి ఈ రెండును పెద్ద కానుకలు. నకారపొల్లునకు ప్రత్యేకమైన స్థానము 2021లో, యూనికోడు 14వ కూర్పులో గాని లభింపలేదు. స్థానము లభించినను, ఆ రూపమును గీసిన ఖతి లేనిచో తెరపై కనబడునది నలుచదరపు గడి మాత్రమే. భాషకు దొరకిన స్థానమును అట్టిదే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుఁగునకు అధికార భాషా ప్రతిపత్తి నొసఁగ సమ్మతించినదని విని మా ఊరి గోల్‌బజారు తెలుఁగువారు మిఠాయిలు పంచుకొన్నప్పుడు, ఆ యుత్తరువు తెలుఁగులో అచ్చయి చేతికి వచ్చిననాఁడు నేనును తిందునని చెప్పి యొకరిద్దఱకు కోపము తెప్పించితిని.

మూఁడవ సాయంకాలమున నా వ్రేలు ఒకచోట నిలిచిపోయినది. పాతకాలపు 32 బిట్ల పీసీలకు ఇఁక సిస్టము నెక్కించు స్థాపకము లేదు, దాని గుండెకాయ యగు కెర్నెలును లేదు. అట్టి యంత్రము గలవారు ట్రిక్సీకి మారరాదు. యంత్రము ఓర్చునేని 64 బిట్ల కూర్పును క్రొత్తగా స్థాపించుకొనవలెను, ఓర్వదేని యంత్రమునకు విరమణ నొసఁగవలెను. ఇదీ దాని సారము. గోల్‌బజారులో సెకండుహ్యాండున కొన్న నా చిన్న ల్యాప్‌టాపు అట్టిదే. మా ప్లాట్‌ఫారము చిరకాలము ప్రపంచమున కెల్ల పొడవైనదిగా వెలసి, 2013లో గోరఖ్‌పూర్‌కును, ఆ గోరఖ్‌పూర్ 2023లో హుబ్బళ్లికిని ఆ గౌరవమును విడిచిపెట్టినవి. మా 1072 మీటర్లలో ఒక్క అంగుళమైన తగ్గలేదు. నా ల్యాప్‌టాపులోను నిన్న పనిచేసిన మీట లేవియు నేఁడు పనిచేయుట మానలేదు.

మా చెల్లెలి మనుమఁడు ఇచటి ఐఐటిలో చదువుచు, ఖరగ్‌పూర్ ఓపెన్ సోర్స్ సొసైటీ అను విద్యార్థి సంఘమువారి కూడికలకు పోవుచుండును. ఆదివారము భోజనమునకు వచ్చి సంగతి విన్నాఁడు.

“తాతా, ఇంకెందుకు దీన్ని పట్టుకుని కూర్చున్నావు? నా పాత ల్యాప్‌టాప్ అరవైనాలుగు బిట్లదే, తెచ్చేస్తాను. దీన్ని పారెయ్.”

“ఒరే, వాళ్లు రిటైర్ చెయ్యమన్నారు గాని పారెయ్యమన్లేదురా.”

“రిటైరైతే ఏం చేస్తుంది?”

“నాలాగే. కూర్చుని రాస్తుంది.”

వాఁడు తెచ్చిన యంత్రముమీఁద ట్రిక్సీ నెక్కించితిమి. స్థాపకము ఉత్త అక్షరముల పద్ధతిలో తెలుఁగును చూపఁజాలదు, బొమ్మల పద్ధతిలోనే చూపును, అని గమనికలు చదువని వానికి నేను చెప్పవలసివచ్చినది. పాతదానిని పండ్రెండవ కూర్పగు బుక్‌వర్మ్‌మీఁదనే నిలిపి, నెట్టునుండి తప్పించి, వ్రాఁతబల్లగా మార్చుకొంటిని. ఈ కాలమ్ దానిమీఁద వ్రాసినదే.

గమనికలలో మఱియొక సంగతి కలదు. ఈ సిస్టములు కాలమును 1970 జనవరి 1 మొదలుకొని సెకనులుగా లెక్కించును. 32 బిట్ల సంచిలో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 సెకనులకు మించి పట్టవు. ట్రిక్సీలో తక్కిన జాతుల యంత్రములన్నిటికిని 64 బిట్ల సంచి కుట్టించి, పాత ప్రోగ్రాములు చెడునను భయమున ఈ యొక్క 32 బిట్ల పీసీ జాతిని మాత్రము ఉన్నది యున్నట్లు విడిచిరి. మాకు విరమణ నెలాఖరు సాయంకాలమునకు. దానికో, మన గడియారము చొప్పున 2038 జనవరి 19 ఉదయము 8 గంటల 44 నిమిషముల 7 సెకనులకు. ఆ మఱుసటి సెకనున లెక్క తలక్రిందులై, తేదీ 1901 డిసెంబరునకు పోవును. రూపనారాయణ నదిమీఁది వంతెన తెఱచి ఏఁడాదిన్నర దాటిన కాలమది. బెంగాల్-నాగపూర్ రైల్వేవారు ఇచట ఊరు కట్టించుచుండఁగా, గంజాము, విశాఖపట్నము జిల్లాలనుండి పనికై మావారు ఈ దారి పట్టిన రోజులు. అప్పటికి నేనుండనేమో గాని యంత్రముండును. దాని తేదీ సరిదిద్దు పని నీదేయని మనుమనితో చెప్పితిని. వాఁడు నవ్వక, ఫోను తీసి, 2038 జనవరి 19 ఉదయము ఎనిమిదిన్నరకు అలారము పెట్టుకొన్నాఁడు.