మంచు మీద స్కీ, తుంగభద్ర మీద పుట్టి

స్వీడన్‌లోని కాల్‌వ్‌ట్రాస్క్ ఊరి దగ్గర బురదనేలలో దొరికిన స్కీల వయసు సుమారు 5,200 ఏళ్లు. వాటితో పాటే దొరికిన ఊతకర్ర కొస పారలా వెడల్పుగా ఉంది. ఆల్తాయ్ కొండల వేటగాళ్లు చెక్క స్కీల అడుగున గుర్రపు తోలు బిగిస్తారు. వెంట్రుకలు వెనక్కి వాలి ఉంటాయి కనుక దిగేటప్పుడు సర్రున జారుతుంది. ఎక్కేటప్పుడు అవే వెంట్రుకలు మంచును కరిచిపట్టి వెనక్కి జారనివ్వవు. ఎంత బుర్ర! స్కీ ఒలింపిక్ ఆట అయింది 1924లో, అంటే నిన్నగాక మొన్న. అంతకు ముందు వేల ఏళ్లు అది పొట్టకూటి పనిముట్టు. ఓస్లోలో దానికోసం 1923లోనే మ్యూజియం పెట్టారు. మంచిదే. కానీ అదే తెలివితో, అదే తోలుతో మనవాళ్లు నీటి మీద సాధించిన గుండ్రటి పుట్టి పడవను మాత్రం మోటు సరుకుగా చూడటం నాకు మింగుడుపడదు.

మంచెరగని బెంగళూరు యలహంకలో ఉన్న తెలుగువాళ్లకు ఈ గొడవెందుకు అనవచ్చు. యలహంక నాడప్రభువులు విజయనగర సామంతులు. సొంతంగా నాణేలు వేయించాడని వాళ్లలో ఒకడైన కెంపేగౌడను ఆనెగుందిలో ఐదేళ్లు చెరలో పెట్టారని చెబుతారు. విజయనగర రాజధాని హంపీ నుంచి ఆనెగుందికి తుంగభద్ర దాటాలి. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పాయెస్, ఈ రాజ్యపు ఏరుల మీద బుట్టల్లాంటి గుండ్రటి పడవలు తప్ప వేరేవి లేవన్నాడు. లోపల బెత్తం, పైన తోలు. పదిహేను ఇరవై మంది ఎక్కుతారు, అవసరమైతే గుర్రాలూ ఎద్దులూ కూడా. ఆ లెక్కన మన ప్రభువు చెరకు వెళ్లిందీ పుట్టిలోనే అయ్యుండాలి.

పుట్టి తిన్నగా పోదు, తిరుగుతూనే ఉంటుందని కూడా పాయెస్ రాశాడు. ఈ మాట పట్టుకునే పుట్టిని తీసిపారేసేవాళ్లున్నారు. పనివాడి చేతిలో దాన్ని చూడాలి. అంచున మోకాళ్ల మీద కూర్చుని, తెడ్డును ముందు నీళ్లలో దించి, అటూ ఇటూ మెలితిప్పుతూ తనవైపు లాక్కుంటాడు. తెడ్డు ఒక్కటే, పుట్టి మాత్రం తిన్నగా నడుస్తుంది. తుంగభద్ర బండరాళ్ల ఏరు. అడుగున వెన్నుదూలంతో లోతుగా మునిగే పడవ అక్కడ నాలుగు బారలు పోకుండానే పగులుతుంది. పుట్టి అడుగు చదును, బరువంతా పరుచుకుంటుంది. మెత్తటి మంచులో స్కీ కూరుకుపోకపోవడానికీ కారణం ఇదే. వెదురు బద్దల అల్లిక రాయి తగిలితే వంగి, మళ్లీ సర్దుకుంటుంది. ఒడ్డు చేరాక బోర్లించి నెత్తిన పెట్టుకుని ఎగువకు నడిచిపోవచ్చు. 2009లో ఆనెగుంది వంతెన కడుతుండగానే కూలితే, జనాన్నీ మోటారు సైకిళ్లనూ దాటించింది ఈ పుట్టిలే.

పుట్టిలు మునిగి ప్రాణాలు పోతున్నాయి కదా అంటే, పోతున్నాయి, కాదనను. పట్టేదానికి మించి ఎక్కించి, లైఫ్ జాకెట్ ఇవ్వకుండా వరదలోకి తోసి, నేరం అల్లినవాడి మీద వేయడమేం న్యాయం? తోలు పోయి ప్లాస్టిక్ పట్టా, తారుపూత వచ్చాయి. సరే, అల్లిక మిగిలింది. ఇప్పుడు ఫైబర్ పుట్టి వచ్చి ఆ అల్లికనూ మింగుతోంది. ఆ ఫైబర్ డొప్పకు వంగడం చేతకాదు! దానికి తోడు, తిప్పకుండా నడపడానికి తరతరాల బెస్తలు నేర్చిన విద్యను, గిరగిరా తిప్పితేనే డబ్బులిస్తామనే పర్యాటకుల సరదాకు అమ్ముకోవాల్సి వస్తోంది. చేతివృత్తుల మేళాల్లో కొయ్యబొమ్మలకూ కలంకారీకీ చోటుంది, పుట్టి అల్లేవాడికి లేదు. హంపీ వెళ్లే బెంగళూరు తెలుగువాళ్లకు నా మనవి ఒక్కటే: వెదురు పుట్టి అడిగి ఎక్కండి, తిప్పమనకండి, తిన్నగా అవతలి ఒడ్డుకు దాటించమని చెప్పి, తిప్పినదానికి ఇచ్చే డబ్బు దానికివ్వండి.