ముల్లు పడిపోతే స్టీరింగ్ ఎందుకు బరువెక్కుతుంది?

"స్టీరింగ్ తిప్పలేకపోతున్నానండీ, మీటర్లో వేగం ముల్లు కూడా లేవట్లేదు" అంటే అనుభవమున్న మెకానిక్ అడిగే మొదటి మాట: "రెండూ ఒకేసారి మొదలయ్యాయా?" అవునని తేలిందా, బానెట్ ఎత్తకముందే సగం పని అయినట్టే. షెడ్లలో కుర్రాళ్లు పెద్దవాళ్ల పక్కన నిలబడి నేర్చుకునే విద్య ఇది. దీని విలువ తెలియనిచోట బాగున్న స్టీరింగ్ మోటారు మారిపోతుంది, వేలకు వేలు బిల్లవుతుంది.

పాత బండ్లలో ఈ రెంటికీ చుట్టరికం లేదు. పవర్ స్టీరింగ్‌ది ఆయిల్, పంపు, బెల్టు. మీటరుది గేర్‌బాక్స్ నుంచి వచ్చే కేబుల్. 1988లో సుజుకీ సెర్వోతో మొదలైన ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ (ఈపీఎస్) ఆ లెక్క మార్చింది. పార్కింగ్‌లో మోటారు బాగా సాయపడాలి, హైవే మీద తగ్గాలి. లేకపోతే వేగంలో స్టీరింగ్ మరీ తేలికై బండి అదుపు తప్పవచ్చు. అందుకే దానికి వేగం తెలియాలి. చాలా చిన్న కార్లలో గేర్‌బాక్స్ మీది ఒకే సెన్సార్ మీటరుకూ స్టీరింగుకూ ఆ కబురు అందిస్తుంది. ఇంజన్ జోరుగా తిరుగుతున్నా వేగం కబురు రాకపోతే, స్టీరింగ్ కంప్యూటర్ ఈపీఎస్ లైటు వెలిగించి సాయం తగ్గించేస్తుంది లేదా ఆపేస్తుంది. చక్రాలకూ స్టీరింగుకూ ఉన్న ఇనుప లంకె మాత్రం అలాగే ఉంటుంది. బండి తిరుగుతుంది, చేతులకే శ్రమ.

ఇక వెతుకులాట. మీటర్ మొత్తం చచ్చిపోతే ముందు ఫ్యూజు చూడాలి. పెట్రోలు ముల్లు బాగుండి వేగం ముల్లు, కిలోమీటర్ల లెక్క రెండే ఆగిపోతే సెన్సార్ దగ్గరికి వెళ్లాలి. దాని తీగల కప్లర్ ఊడదీస్తే వానాకాలం తర్వాత పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపించడం మామూలే. చాలాసార్లు దాన్ని శుభ్రం చేస్తే చాలు.

కప్లర్ బాగుంటే మూడు తీగలు పరీక్షించాలి: కరెంటు, ఎర్త్, సిగ్నల్. సిగ్నల్ చూడాలంటే చక్రం తిప్పాలి కాబట్టి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ముందు చక్రాల్లో ఒక్కదాన్నే జాకీతో లేపి, స్టాండు పెట్టాలి. రెండూ లేపితే, ఒకటి ముందుకు తిప్పగానే రెండోది వెనక్కి తిరిగి సెన్సార్ గేరు కదలకపోవచ్చు. ఈ కిటుకు తెలియక మంచి సెన్సార్‌ను పారేసినవాళ్లున్నారు. కప్లర్ తగిలించే ఉంచి, ఇగ్నిషన్ ఆన్ చేసి, చక్రం మెల్లగా తిప్పుతుంటే సిగ్నల్ తీగ మీద మల్టీమీటర్ అంకె పడుతూ లేస్తూ ఉండాలి. కరెంటు, ఎర్త్ ఉండీ అంకె కదలకపోతే సెన్సారో, దాన్ని తిప్పే ప్లాస్టిక్ గేరో పోయి ఉండవచ్చు. అంకె ఆడుతున్నా మీటరుకు చేరకపోతే మధ్యలో తీగ తెగింది, ఎలుకలనూ అనుమానించాలి.

ఏబీఎస్ ఉన్న చాలా కార్లలో వేగం చక్రాల సెన్సార్ల నుంచే వస్తుంది, అప్పుడు ఏబీఎస్ లైటు కూడా వెలుగుతుంది. అక్కడ స్కానర్ పెట్టాల్సిందే. అయినా పీ0500 లాంటి కోడ్ వేగం సిగ్నల్లో లోపముందని చెబుతుందే గానీ, తప్పు తీగదో సెన్సార్‌దో తేల్చదు. అది తేలేది మల్టీమీటర్ పట్టిన చేతిలోనే.