వీణ చివర యాళి

బొబ్బిలి వీణను చేతికిస్తే చాలామంది ముందు కుండను తడుముతారు, తర్వాత తీగ మీటి చూస్తారు. నా చూపు మాత్రం ఎడమ చివరకే పోతుంది. బిరడలు దాటాక దండి కిందికి వంగే చోట నోరు తెరిచిన మృగం ఒకటి ఉంటుంది. ఉబ్బిన కనుగుడ్లు, పైకి లేచిన కోరలు. అదే యాళి. ఈ కాలం పిల్లలు చూడగానే ‘డ్రాగన్’ అంటారు. అననివ్వండి, చుట్టరికం ఉన్న మాట నిజమే. కాకపోతే వాళ్లు చూసే సినిమాల్లో అది నిప్పులు కక్కుతూ ఊళ్లు తగలబెడుతుంది, వీరుడి చేతిలో చస్తేనే కథ కంచికి చేరుతుంది. మన పెద్దలు యాళిని చంపలేదు, కాపలా పెట్టారు.

సంస్కృతంలో వ్యాళమంటే పాము, క్రూరమృగం, పొగరుబోతు ఏనుగు కూడా. శిల్పులు ఆ భయాలన్నిటినీ కలిపి ఒకే ఒంట్లో పోశారు. సింహం దేహానికి ఒక్కోచోట ఏనుగు తొండం వచ్చి చేరింది. హంపి విఠలాలయ మండపంలో స్తంభాల మీద యాళులు ముందుకాళ్లెత్తి లేచి నిలుచున్నాయి. దేవుడి తల వెనక మకర తోరణంలోనూ ఇలాంటి మృగాలే. చైనా వాళ్ల కథల్లో డ్రాగన్‌కు తొమ్మిదిమంది కొడుకులు. అందులో ఒకడికి సంగీతమంటే ప్రాణమట, అందుకే తంత్రీవాద్యాల తల మీద వాడి బొమ్మ చెక్కుతారు. ఎక్కడి చైనా, ఎక్కడి బొబ్బిలి! తీగ వాద్యం తలకు భీకర మృగాన్నే కూర్చోబెట్టాలని రెండు చోట్లా తోచింది.

బొబ్బిలి పక్కనే గొల్లపల్లి. అక్కడి సర్వసిద్ధి కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. పనస దుంగను తొలిచి కుండా దండీ విడదీయకుండా తీస్తారు కాబట్టి ఏకాండి వీణ అని పేరు. కొత్తగా కోసిన పనస చెక్క పసుపుపచ్చగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు రంగుకు తిరుగుతుంది. ఒక పనివాడు యాళి ముఖం చెక్కుతుంటే దగ్గర కూర్చుని చూశాను. వెడల్పాటి ఉలితో దవడ రూపు తేలేదాకా చేయి చకచకా నడిచింది. కోరల సందు దగ్గరికొచ్చేసరికి సన్న ఉలి అందుకుని, దెబ్బ తగ్గించి, పొట్టును నోటితో ఊదుకుంటూ పోయాడు. చెక్క వాటం ఎదురైన చోట ఉలిని మొండిగా తోయలేదు, ముఖాన్నే తిప్పి అవతలి వైపు నుంచి అందుకున్నాడు. తోస్తే కోర విరుగుతుంది. విరిగిన కోరకు మందు లేదు.

యాళి లేకపోయినా వీణ పలుకుతుంది. స్వరాలు మైనంలో నిలిపిన 24 మెట్ల మీద ఉన్నాయి, నాదం కుండలో ఉంది. అయినా యాళి లేని వీణ చేయమంటే ఆ చేతులు ఒప్పవు. కొలతలకు కట్టుబడి చేసే వాద్యంలో పనివాడి చేయి స్వేచ్ఛగా ఆడే చోటు అదొక్కటే. అందుకే ఏ రెండు యాళులూ ఒక్కలా ఉండవు.

ఇక వాయించేవాళ్ల సంగతి. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి ప్రిన్సిపాల్. వీణ వెంకటరమణదాసు విజయనగరం సంస్థానం విద్వాంసుడే. వాయించేవాళ్లూ చేసేవాళ్లూ కలిసి బతికిన నేల ఇది. ఇప్పుడు సభల్లో బహూకరించే బుల్లి వీణలకు గిరాకీ ఎక్కువ. వాటి వల్ల ఇళ్లు గడుస్తున్నాయి, అది మంచిదే. బొటనవేలంత యాళిలో కూడా కోరలు తీర్చే ఓపికకు దండం పెట్టాలి. కానీ బుల్లి వీణ అద్దాల బీరువాలోకి వెళ్తుంది. పెద్ద వీణ ఒడిలోకి చేరి, శ్రుతి తప్పితే మాట్లాడుతుంది, మెట్టు కదిలితే మళ్లీ గొల్లపల్లి దారి పట్టిస్తుంది. చేసినవాడికీ వాయించేవాడికీ రాకపోకలు అలా నిలుస్తాయి.

పిల్లలకు వీణ నేర్పించే తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. వీణ కొనేముందు పిల్లలను గొల్లపల్లికి తీసుకెళ్లండి. ఉలి పట్టిన మనిషి పక్కన కూర్చోనివ్వండి, ఆయన పేరు అడిగి తెలుసుకోనివ్వండి. ఆయన చెప్పిన వెలకు బేరమాడకండి.