నేర్పు అనే మాట

నేరవార్తలు దిద్దే బల్ల దగ్గర చాలా ఏళ్లు కూర్చున్నాను. అక్కడ నన్ను ఇబ్బంది పెట్టింది తిట్టు కాదు, మెప్పు. దొంగ పని తెలిసినవాడైతే ఆ సంగతి ఏ మాటతో చెప్పాలి?

ఓసారి బ్యాంకు బయట ఒక విశ్రాంత ఉద్యోగి డబ్బు సంచి పోయింది. 'కేటుగాళ్ల మాయమాటలు నమ్మి మోసపోయిన వృద్ధుడు' అని శీర్షిక పెట్టాను. మర్నాడు ఆయన పేపరు పట్టుకుని ఆఫీసుకొచ్చారు. "నేనెవరి మాటలూ నమ్మలేదు బాబూ" అన్నారు. నా బల్లే ఆయన స్కూటరైంది. జేబులోంచి రెండు పది నోట్లు తీసి కింద వేశారు. 'మీ డబ్బులు పడ్డాయండీ' అని ఒకడు వెనకనుంచి అన్నాడట. సంచి హ్యాండిల్‌కే ఉంది, ఎడమచెయ్యి దాని మీదే ఉంది. నోట్లకోసం వంగితే ఆ చెయ్యి పక్కకి జరిగింది. ఎంతసేపని! తలెత్తేసరికి రెండోవాడు సంచితో సందు మలుపు తిరుగుతున్నాడు.

"వాళ్ల పనితనం రాయకపోతే నేను వెర్రివాణ్ణవుతాను కదా. మా అబ్బాయి నిన్నట్నుంచీ అదే అంటున్నాడు."

ఆయన వెళ్లాక మాట వెతికాను. 'ప్రతిభ' సన్మానపత్రంలోది. 'చాకచక్యం' దొంగకీ, పట్టుకున్న పోలీసుకీ ఒకేలా వాడి మేమే అరగదీశాం. 'ఘరానా' అసలు వంశగౌరవం చెప్పే మాట, గ్వాలియర్ ఘరానా అన్నట్టు. దాన్ని దొంగ ముందు ఎలా తగిలించామో! 'చేతివాటం' మరీ విచిత్రం. ఎడమచేతి వాటం అంటే ఏ దోషమూ లేదు. ఆ 'ఎడమ' తీసేస్తే దొంగతనం.

'నేర్పు' దగ్గర ఆగాను. నేర్చుకుంటే వచ్చేది నేర్పు. అందులో మెప్పు ఉంది, నేరం బరువూ ఉంది. ఆకలికి చెయ్యి చాచినవాడు కాదు, ఎవరో ఒకరి మీద పదేపదే సాధన చేసినవాడు.

శూద్రకుడి 'మృచ్ఛకటికం' మూడో అంకంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తాడు. జంధ్యంతో కొలత తీసుకుంటాడు. కాల్చిన ఇటుక గోడకి పూర్ణకుంభం ఆకారమే తగునని ఎంచి మరీ తవ్వుతాడు. నిద్రలేచిన చారుదత్తుడు ఆ కన్నం అందం చూసి ముచ్చటపడతాడు. వసంతసేన దాచిపెట్టమని ఇచ్చిన నగలు పోయాయని అప్పటికాయనకి తెలీదు. తెలిశాక మూర్ఛపోతాడు. మా పెద్దాయన అన్నీ పోయాయని తెలిసే వచ్చారు. వాళ్లని క్షమించనూ లేదు, వాళ్ల పని తక్కువచేసి చెప్పనూ లేదు.

మరుసటి రోజు వార్త మళ్లీ రాశాను. నోటు నేలమీద పడ్డప్పటి నుంచి సందు మలుపు దాకా వరసగా. మొదటి మాట 'దొంగలు'. 'నేర్పుగా' అన్నది ఒక్కచోటే, చెయ్యి పక్కకి జరిగిన చోట.

పొద్దున్నే ఆయన ఫోన్ చేశారు. "మా అబ్బాయి రెండుసార్లు చదివాడు బాబూ" అన్నారు.