అరికాలు చూసేదెవరు?

ఈ వారం నెల్లూరు జిల్లా సంగంలో ఒక వరి రైతు అరికాల్లో సర్కారు తుమ్మ ముల్లు విరిగి ఉండిపోయింది. పెద్దాయనకు చాలా ఏళ్ళుగా షుగరు. గడప దగ్గర మరక చూసి కోడలు అడిగింది: "మామా, కాల్లో ఏందది, నెత్తురు కారతా ఉండాది?" "ఏడమ్మా?" అన్నాడాయన. ముల్లు కాలవ గట్టు మీద దిగిందో, కళ్ళంలో దిగిందో చెప్పలేకపోయాడు. పరగడుపున షుగరు ఎంత, తిన్నాక ఎంత అని అడిగితే మాత్రం కిందటి మూడు పరీక్షల లెక్కా నోటికి అప్పజెప్పాడు.

ఈ కాలమ్ పాత పట్టుదల పాఠకులకు తెలిసిందే. చీటీ మీది అంకె కన్నా ముందు మనిషి ఒళ్ళు చూడాలి. మన క్లినిక్కుల్లో చెప్పులు గుమ్మం బయటే విడిపిస్తారు. కాలు ఏ అడ్డూ లేకుండా లోపలికొస్తుంది, వంగి చూడటమే తరువాయి. అయినా చూసేవాళ్ళు తక్కువ. చూడబోతే పేషెంటే కాలు వెనక్కి లాక్కుంటాడు, డాక్టరమ్మ చేత కాళ్ళు పట్టించుకోవడమేంటని. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10.1 కోట్ల మంది. అన్ని కోట్ల జతల కాళ్ళు ఇలాగే గదుల్లోకి వచ్చి వెళ్తున్నాయి.

షుగరు ఏళ్ళ తరబడి అదుపు తప్పితే కాలి నరాలు మొద్దుబారతాయి. చెమట పట్టక మడమ చర్మం పగులుతుంది. ఒత్తిడి పడే చోట ఆనెకాయ కట్టి, దాని కిందే పుండు పుడుతుంది. నొప్పి ఉండదు కాబట్టి మనిషి దాని మీదే నడుస్తాడు. తిమ్మిర్లకు వేడినీళ్ళ కాపడం పెట్టుకుని బొబ్బలెక్కించుకునేవాళ్ళున్నారు. మిట్టమధ్యాహ్నం గుడి బండల మీద ప్రదక్షిణ చేసి, ఇంటికొచ్చాక అరికాలు కాలిందని తెలుసుకునేవాళ్ళున్నారు.

నొప్పి లేకపోవడమే అసలు ముప్పని ప్రపంచానికి చూపించిన చోటు మనకు దూరమేమీ కాదు. నెల్లూరు జిల్లావాళ్ళు పెద్ద జబ్బు చేస్తే రైలెక్కి వెళ్ళే రాయవేలూరు అది. కొల్లి కొండల్లో 1914లో పుట్టిన పాల్ బ్రాండ్ అనే సర్జను 1946లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చేరాడు. కుష్ఠు వల్ల వేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోతాయని అప్పట్లో నమ్మేవాళ్ళు. బ్రాండ్ స్పర్శ పోయిన ఆ రోగుల్లో ఒక్కో పుండు వెనక కారణం వెతికాడు. ఒకరు కాలే గిన్నెను ఒట్టి చేత్తో దించారు, ఇంకొకరు చెప్పులో మేకు దిగినా నడిచారు. రాత్రికి రాత్రి వేళ్ళు పోయిన కొందరి సంగతి కనిపెడితే, నిద్రలో ఎలుకలు కొరికాయి, మనిషికి మెలకువ రాలేదు! ఆ తర్వాత ఇంటికి పంపే రోగుల చేతికి ఒక పిల్లిని కూడా ఇచ్చి పంపారు.

కాలి పుళ్ళ కోసం మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పు రూపుదిద్దుకున్నదీ అక్కడే. కుష్ఠు కార్యక్రమం కింద ఆ చెప్పులు ఇప్పటికీ ఉచితంగా ఇస్తున్నారు. షుగరు పుండు మానిన కాలికీ అవే ఇవ్వాలి. 1966లో బ్రాండ్ అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళి, అదే చూపుతో షుగరు కాళ్ళనూ చూశాడు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు అరికాలికి తెలియకపోతే ఆ కాలికి ముప్పుందన్న కొలత 1980లలో కార్విల్‌లోనే తేలింది.

ఆ పోగు కూడా అక్కర్లేని పరీక్ష ఒకటుంది. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి వైద్యుల బృందం 2011లో దాన్ని ప్రకటించింది. పేషెంటును కళ్ళు మూసుకోమని, రెండు కాళ్ళ బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొసలను ఒకటి రెండు క్షణాలు తేలిగ్గా తాకాలి. ఆరు చోట్లలో రెండు తెలియకపోయినా ముప్పున్నట్టే. ఆ పని కొడుకైనా కోడలైనా చేయొచ్చు. మరి ఆసుపత్రితో పనేముంది, కాళ్ళ సంగతి ఇంట్లోనే తేలిపోదా?

తేలదు. సంగం బ్యారేజి కింది మడుల్లోకి చెప్పులేసుకుని దిగలేరు. పొద్దుగూకి గట్టెక్కిన మనిషికి మోకాళ్ళు వంగవు, షుగరుతోనే చూపు మసకబారి ఉంటుంది. నొప్పి లేని కాలును రోజూ చూసుకోమని ఒళ్ళు గుర్తు చేయదు. కోడలు పుండును చూడగలదు. కానీ పాదం మీద, లోపలి చీలమండ వెనక నాడి అందుతోందో లేదో పట్టి చెప్పడం నేర్చుకున్న చేతికే సాధ్యం. రక్తం సరిగా అందని కాలికి పుండు మానడం కష్టం. అందుకే కాళ్ళ పరీక్షను ఇంటివాళ్ళ ప్రేమకు వదిలేయకూడదు, సర్కారు బాధ్యతగా ఉండాలి. ముప్పై దాటినవాళ్ళకు ఆశా కార్యకర్త నింపే ఫారంలో చేతులు, కాళ్ళ తిమ్మిర్ల ప్రశ్న ఇప్పటికే ఉంది. ప్రశ్నతో ఆగకుండా పోగు పెట్టి చూడాలి, నాడి పట్టాలి.

ఈ నెల మాత్రల కోసం ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళినప్పుడు మొహమాటం లేకుండా కాళ్ళు చూపించుకోండి. స్పర్శ, రక్తప్రసరణ బాగున్నవాళ్ళకు ఏడాదికోసారి చాలు. ఒకసారి పుండు పడి మానినవాళ్ళు మాత్రం మూడు నెలలు దాటనివ్వకండి.