రెండు గీతలు: ఆర్థికవేత్త రంగరాజన్

సాహిత్య విమర్శకులకు రిజర్వు బ్యాంకుతో పనేమిటని కొందరు అడగవచ్చు. కోట్లాది ప్రజల కూడు గుడ్డలను శాసించే దస్తావేజు కూడా ఒక రచనే. అందులో కర్త ఎవరో, ఫలితం అనుభవించేది ఎవరో విడమరచి చెప్పడం విమర్శకుని బాధ్యతే.

చక్రవర్తి రంగరాజన్ 1932లో జన్మించారు. 1964లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, అహమ్మదాబాదు మేనేజిమెంటు సంస్థలో పదేళ్లకు పైగా ఆచార్యులుగా పనిచేశారు. 1982లో రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరుగా చేరి, 1992 నుంచి 1997 వరకు ఆ బ్యాంకుకు గవర్నరుగా ఉన్నారు. తరువాత 2003 వరకు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గవర్నరు కావడం వల్ల మనవారికి ఆయన సుపరిచితులే. ఆయన స్వీయచరిత్ర 2022లో వెలువడింది. అయినా ఆర్థికవేత్తను అంచనా కట్టవలసింది జ్ఞాపకాలను బట్టి కాదు, ఆయన గీసిన గీతలను బట్టి.

మొదటి గీత ప్రభుత్వానికి గీసినది. 1955 నాటి ఏర్పాటు ప్రకారం, కేంద్రప్రభుత్వపు నిల్వ 50 కోట్ల రూపాయలకు తగ్గినప్పుడల్లా తాత్కాలిక ట్రెజరీ బిల్లులు తీసుకొని రిజర్వు బ్యాంకు ఆ లోటు పూడ్చవలసిందే. 1974 నుంచి వీటిపై వడ్డీ 4.6 శాతమే. పేరుకు తాత్కాలికం, నడిచినది నాలుగు దశాబ్దాలు! సరుకు పెరగకుండా నోట్లు పెరిగితే ధరలు పెరుగుతాయి. వర్తకుడు ఆ భారాన్ని కొనేవాడి మీదికి నెడతాడు. కూలివాడు ఎవరి మీదికి నెట్టగలడు? కనుక ఈ పద్ధతిని అంతం చేయడానికి 1994 సెప్టెంబరు 9న కుదిరిన ఒప్పందం, 1997 ఏప్రిల్‌లో దాని అమలు, శ్రామికునికి మేలు చేసేవే. దీనిని కేవలం ధనికుల విధానమని కొట్టిపారేయడం తొందరపాటు.

అయితే ఆ ఒప్పందం ఒక ప్రశ్నను వదిలేసింది. బ్యాంకు తలుపు మూసుకున్నాక ప్రభుత్వం ధనికుల మీద పన్ను వేస్తుందా, బజారులో అప్పు చేస్తుందా, బడికీ ఆసుపత్రికీ ఇచ్చేది కోస్తుందా? ద్రవ్యశాస్త్రం ఇక్కడ మౌనం వహిస్తుంది. ఆ మౌనాన్ని వర్గబలం పూరిస్తుంది.

రెండవ గీత పేదరికానికి గీసినది. ఆయన అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం 2014లో తలకు రోజుకు పల్లెలో 32 రూపాయలు, పట్టణంలో 47 రూపాయలు హద్దుగా నిర్ణయించింది. ఆ మొత్తంతో మనిషి బ్రతుకు వెళ్లదీయగలడా అన్న ఆగ్రహం న్యాయమైనదే. కాని పాఠకులు మరొకటి గమనించాలి. అంతకుముందు టెండూల్కర్ పద్ధతి 2011-12కు 21.9 శాతమే పేదలని చెప్పగా, ఈ సంఘం 29.5 శాతమని తేల్చింది. అంటే లెక్కకు అందని సుమారు 9 కోట్ల మందిని ఈ ఆచార్యుడు వెలుగులోకి తెచ్చారు.

మొదటి గీత రాజ్యానికి నియమమైంది. రెండవదానిని ప్రభుత్వం అధికారిక కొలతగా స్వీకరించనే లేదు. రూపాయి విలువ కాపాడాలన్నప్పుడు పండితుని మాట చెల్లింది. పేదవాని ఉనికిని గుర్తించమన్నప్పుడు అదే పండితుని మాట కాగితంపైనే మిగిలింది. ఒకే మేధను ఎంతవరకు వాడుకోవాలో నిర్ణయించే శక్తులేవో ఈ జీవితచరిత్ర మనకు స్పష్టంగా చూపుతున్నది.